భుజం ముందే చెప్పేస్తుంది

మేం పొద్దున్నే షటిల్ ఆడే ఇండోర్ కోర్టుకి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వస్తారు. అరవై ఏడేళ్లు. కుడి మోకాలికి నీ క్యాప్, భుజం మీద తువ్వాలు. ఆయన పరిగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. కోర్టు మధ్యన నిలబడి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేస్తారు, అంతే. అవతల పాతికేళ్ల కుర్రాళ్లు ఎగిరెగిరి కొడుతుంటే, కాక్ వచ్చే చోటికి ఆయన రాకెట్ అప్పటికే చేరి ఉంటుంది, బస్సు రాకముందే స్టాపులో కూర్చున్న ప్రయాణికుడిలా. పదకొండో పాయింటుకి కుర్రాళ్లు మోకాళ్ల మీద చేతులాన్చి వంగిపోతారు. ఆయన తువ్వాలుకి చెమటైనా అంటదు.

ఆయన చేతిలో 21-9తో ఓడిన రోజున ఉండబట్టలేక అడిగాను. “కాక్ ఎటొస్తుందో మీకెలా తెలుస్తుందండీ మాస్టారూ?”

“నువ్వే చెప్తున్నావు కదయ్యా, కొట్టకముందే” అన్నారాయన. “స్మాష్ కొట్టేటప్పుడు నీ ఎడమ చెయ్యి పైకి లేచి నిలబడుతుంది. డ్రాప్ వెయ్యాలనుకున్నావంటే అది ముందే కిందికి జారిపోతుంది. భుజం కూడా సగమే తిరుగుతుంది. ఇక కాక్‌ని చూడాల్సిన పనేముంది?”

వారం రోజులు నా ఎడమ చేతిని నేనే కాపలా కాశాను. ఆయన అన్నది అక్షరాలా నిజం. పదేళ్లుగా ఆడుతున్నాను, కొట్టబోయే ప్రతి డ్రాప్‌నీ చాటింపు వేసి మరీ కొడుతున్నానన్నమాట.

మోకాళ్లు అరిగినవాళ్లు కనిపెట్టుకున్న కిటుకు కాబోలనుకున్నాను. తీరిగ్గా చదివితే తెలిసింది, ప్రపంచ ఛాంపియన్లకైనా వేరే దారి లేదని. చూసి, ఆలోచించి, కదిలి, కొట్టేంత వ్యవధి ఈ ఆట ఎవరికీ ఇవ్వదు.

షటిల్ అయిదు గ్రాముల వస్తువు. నియమాల ప్రకారం 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలి, పదహారు ఈకలుండాలి. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి దాన్ని గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టి గిన్నిస్ రికార్డులకెక్కాడు. అంతకుముందున్న 493 కిలోమీటర్ల రికార్డు మలేసియా ఆటగాడు తాన్ బూన్ హియోంగ్‌ది, దానికి పదేళ్ల వయసు. అయితే ఇవి ప్రత్యేకంగా ఏర్పాటుచేసిన పరీక్షల్లో, కాక్ రాకెట్‌ని వదిలిన క్షణాన కొలిచిన వేగాలు. అవతలివాడి దగ్గరికి కూడా అదే వేగంతో వస్తుందనుకుంటే పొరపాటు. బుల్లెట్ రైలుతో పోల్చి రాసే వార్తలు ఈ ముక్కని మాత్రం చక్కగా ఎగ్గొట్టేస్తాయి.

ఆ ఈకల గరాటుకి గాలి పెద్ద అడ్డం. మేడ మీంచి కాక్‌ని జారవిడిస్తే సెకనుకు దాదాపు 6.8 మీటర్ల దగ్గర దాని వేగం స్థిరపడిపోతుంది. ఎంత ఎత్తునుంచి వదిలినా అంతకు మించదు. అంటే గంటకు పాతిక కిలోమీటర్లలోపు, ట్యూషన్‌కి ఆలస్యమైన కుర్రాడి సైకిల్ వేగం. ఈ ఒక్క అంకె దొరికితే మిగతా లెక్కంతా తేలిపోతుంది. గాల్లో వేగంగా దూసుకుపోయే కాక్ ప్రతి మూడుంబావు మీటర్లకీ తన వేగంలో సగం పోగొట్టుకుంటుంది. వెనక లైను దగ్గర గంటకు 360 కిలోమీటర్లతో బయల్దేరిన స్మాష్ నెట్ దాటేసరికి 90 దరిదాపులకి దిగుతుంది. తొమ్మిది మీటర్ల దూరంలో కాచుకున్నవాడి రాకెట్‌కి తగిలేసరికి 50కి అటూ ఇటూ. మొత్తం ప్రయాణానికి పట్టేది పావు సెకను, ఇంకో పిసరు.

ఇప్పుడు మనిషి సంగతి. దీపం వెలగగానే మీట నొక్కమంటే ఆరోగ్యవంతుడైన మనిషికి సెకనులో అయిదో వంతు పడుతుంది. అది కూడా ఒకే దీపం, ఒకే మీట ఉన్నప్పుడు. దీపాలు రెండైతే ఆలస్యం పెరుగుతుంది, నాలుగైతే ఇంకా పెరుగుతుంది. ఎంపికలు రెట్టింపయిన ప్రతిసారీ ఆలస్యం ఇంచుమించు ఒక్కో మెట్టు చొప్పున పెరుగుతుందని 1952లో ఇంగ్లండుకి చెందిన హిక్ చూపించాడు. కోర్టులో దీపాలు రెండో నాలుగో కాదు: స్మాష్, హాఫ్ స్మాష్, నెట్ దాటగానే రాలిపోయే డ్రాప్, ఎత్తుగా వెనక్కి పోయే టాస్, అవి కుడికా, ఎడమకా, ఒంటి మీదికా. నిర్ణయానికే పావు సెకను చాలదు. ఆ తర్వాత కాలు కదలాలి, నడుం వంగాలి, రాకెట్ చేరాలి. లెక్క ప్రకారం మంచి స్మాష్ ఒక్కటి కూడా తిరిగి రాకూడదు. వస్తున్నాయి కాబట్టి, ఆడేవాళ్ల ఒళ్లు కాక్ రాకెట్‌కి తగలకముందే పని మొదలుపెడుతోందన్నమాట.

దేన్ని చూసి మొదలుపెడుతోంది? బ్రూస్ ఎబర్నెతీ, డేవిడ్ రసెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1987లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నకి వాటమైన జవాబు. పద్ధతి చాలా సులువు. నెట్‌కి ఇవతల మనం నిలబడితే ప్రత్యర్థి ఎలా కనిపిస్తాడో అలా అతని షాట్లని సినిమా తీశారు. ఆ సినిమాని ఒకసారి దెబ్బ తగలడానికి సెకనులో ఆరో వంతు ముందే కోసేశారు, ఒకసారి పన్నెండో వంతు ముందు, ఒకసారి సరిగ్గా తగిలే క్షణాన, ఇంకోసారి తగిలాక. చూసినవాళ్లు కాక్ ఎక్కడ పడుతుందో కాగితం మీద గీసిన కోర్టులో గుర్తు పెట్టాలి. చేయి తిరిగిన ఆటగాళ్లకి దెబ్బ తగలకముందున్న ఆ చిటికెడు వ్యవధిలోనే సమాచారం అందుతోందని తేలింది. కొత్తవాళ్లకి అది అందలేదు.

రెండో విడత ఇంకా బాగుంటుంది. ఈసారి సినిమాని కొయ్యకుండా ప్రత్యర్థి ఒంట్లో ఒక్కో భాగాన్ని మూసేశారు. తల మూస్తే పెద్ద తేడా లేదు. కాళ్లు మూసినా అంతే. రాకెట్ మూస్తే అందరికీ ఇబ్బందే. కానీ రాకెట్‌తోపాటు దాన్ని పట్టుకున్న చేతిని కూడా మూసేసరికి అనుభవజ్ఞుల అంచనాలు ఇంకా దెబ్బతిన్నాయి. కొత్తవాళ్లకి మాత్రం చెయ్యి ఉన్నా లేకపోయినా ఒకటే, ఎందుకంటే వాళ్లు అసలు చెయ్యిని చదవడమే లేదు. రాకెట్ చివరి క్షణంలో తిరిగే వస్తువు. చెయ్యి అంతకన్నా ముందు కదులుతుంది, భుజం ఇంకా ముందు. నదిలో వరద రావడం కింద ఊళ్లో ఉన్నవాడికన్నా పైన వంతెన మీద నిలబడ్డవాడికి ముందు తెలిసినట్టు, ఒంట్లో పైకి వెళ్లే కొద్దీ కబురు ముందు దొరుకుతుంది.

ఆ తర్వాతి ప్రయోగాల్లో మనిషిని పూర్తిగా తీసేశారు. మోకాళ్లు, మోచేతులు, భుజాలు, మణికట్టులాంటి కీళ్ల దగ్గర చుక్కలు పెట్టి, చీకట్లో ఆ చుక్కల కదలికనే చూపించారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ యోహాన్సన్ 1973లో వెలుగులోకి తెచ్చిన పద్ధతి ఇది. ముఖం లేదు, చొక్కా లేదు, రాకెట్ మీద కంపెనీ పేరు లేదు, నల్లటి తెర మీద గుప్పెడు మిణుగురులు. అవి చాలు, ఆటలో పండినవాళ్లు షాట్ ఎటో చెప్పగలుగుతున్నారు. లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో బ్యాడ్మింటన్ షాట్ల వీడియోలు చూపిస్తూ మెదడుని స్కానింగ్ చేశారు. ఇతరుల కదలికల్ని చూసినప్పుడూ మనం స్వయంగా కదిలినప్పుడూ పనిచేసే మెదడు భాగాలు అనుభవజ్ఞుల్లో ఎక్కువ చురుగ్గా కనిపించాయి. అంటే ప్రత్యర్థి చెయ్యెత్తితే చూసేవాడి మెదడులో కూడా ఒక చెయ్యి లేస్తోందనుకోవచ్చు. ఎప్పుడూ స్మాష్ కొట్టనివాడికి స్మాష్‌ని చదవడం ఎందుకు కష్టమో నాకు దీంతో అర్థమైంది. టీవీలో వెయ్యి మ్యాచ్‌లు చూసిన మా బాబాయి కోర్టులోకి దిగితే తడబడేదీ ఇందుకే కావచ్చు, ఆయన మాత్రం బూట్ల మీద నెపం వేస్తాడు.

ఒక చిన్న గెంతు గురించి చెప్పాలి. టీవీలో మ్యాచ్ వస్తుంటే ఈసారి కాక్‌ని వదిలేసి, దెబ్బ తినబోయే ఆటగాడి మడమల్ని చూడండి. అవతలివాడు కొట్టే క్షణానికి కాస్త అటూ ఇటూగా ఇతను రెండు పాదాల మీదా పిసరంత గెంతుతాడు. కోచ్‌లు దీన్ని స్ప్లిట్ స్టెప్ అంటారు. కిందికి దిగేసరికి కాళ్ల కండరాలు బిగిసిన స్ప్రింగుల్లా ఉంటాయి. ఎటు వెళ్లాలో అప్పటికి తేలితే ఆ వైపు నెట్టుకుపోతాడు. నిలువునా నిలబడి ఉన్నవాడికన్నా ఇతనికి ఒకడుగు కలిసొస్తుంది. మా మాస్టారు గెంతరు, మోకాలు ఒప్పుకోదు. కానీ గమనిస్తే ఆయన మడమలు కూడా ఆ క్షణానికి నేల మీంచి ఒక వెంట్రుకవాసి లేస్తాయి.

ఈ గెంతే బలం, ఈ గెంతే బలహీనత. మాయ చేసేవాళ్లు దీని మీదే దెబ్బ కొడతారు. నెట్ దగ్గర కాక్ కిందికి రాకెట్ పెట్టి, మెల్లగా నెట్ మీంచి జార్చబోతున్నట్టు చూపించి, ఒక్క క్షణం ఆగుతారు. మన కోచ్‌ల భాషలో హోల్డ్ చెయ్యడం. అవతలివాడు గెంతేశాడు, దిగేశాడు, బరువు ముందుకాలి మీద పడిపోయింది. అప్పుడు మణికట్టు విదిలిస్తే కాక్ వెనక లైనుకి పోతుంది. అతను చూస్తూనే ఉంటాడు, కదల్లేడు. ఇది సోమరితనం కాదు, కాళ్ల నీరసం కూడా కాదు. మెదడు ఒక సంకేతానికి స్పందించే పనిలో ఉండగా సెకనులో నాలుగో వంతులోపు రెండో సంకేతం వస్తే, ఆ రెండోదాన్ని వరుసలో నిలబెడుతుంది. రేషన్ షాపులో ముందున్నవాడి పని అయ్యేదాకా మన కార్డు చూడనట్టు. మనస్తత్వ శాస్త్రంలో ఇది 1930ల నుంచీ తెలిసిన సంగతి. తైవాన్ క్రీడాకారిణి తై జు యింగ్ ఆటంతా ఈ వరుసని ఆడించడమేననిపించేది. ఆమె ఎదుట ప్రపంచ స్థాయి క్రీడాకారిణులు దారి తప్పినవాళ్లలా నిలబడిపోవడం ఎన్నోసార్లు చూశాం.

ఇంకో మెలిక ఉంది. బాగా చదవగలిగినవాడే ఇలాంటి మాయకి బాగా దొరుకుతాడు. కొత్తవాడికి భుజం చెప్పే కబురు వినబడదు కాబట్టి భుజం అబద్ధం చెప్పినా వాడికి నష్టం లేదు! నా డ్రాప్ కబుర్లు మాస్టారికి తెలిసిపోయాయని తెలిశాక నేనూ ఒకటి చేశాను. డ్రాప్‌కి కూడా ఎడమ చెయ్యి పైనే నిలబెట్టడం నేర్చుకున్నాను. రెండు వారాలు పట్టింది. మొదటిసారి అది పనిచేసినప్పుడు, కాక్ నెట్‌కి జానెడు అవతల పడుతుంటే ఆయన వెనక్కి ఒకడుగు వేసి ఆగిపోయారు. “ఓహో” అన్నారు. ఆ ఒక్క మాట నాకు ఆ నెల జీతం కన్నా ఎక్కువ. ఆనందం నాలుగు రోజులే. అయిదో రోజుకి ఆయన నేనెక్కడున్నానన్నది చూడటం మొదలుపెట్టారు: కాక్ కిందికి ముందే చేరుకుని తీరిగ్గా నిలబడితే డ్రాప్ అనుమానం, ఆలస్యంగా చేరితే టాస్ ఖాయం. మాయ చెయ్యాలంటే ముందు తీరిక కావాలి. కాబట్టి మాయగాళ్లతో ఆడేవాళ్లు వాళ్ల కళ్లలోకి చూస్తూ కూర్చోరు, వాళ్ల తీరికని లాగేసుకుంటారు. కాక్‌ని ఎత్తుగా, లోతుగా, మూలలకి పంపి, రాకెట్ చాచి ఎలాగోలా అందుకునే పరిస్థితికి తెస్తారు. ఒళ్లంతా చాచి అందుకునేవాడికి ఒకటే షాట్ మిగులుతుంది. దాన్ని చదవడానికి పాండిత్యం అక్కర్లేదు.

ఇంతవరకూ ఒక దెబ్బ గురించి. మ్యాచ్ అంటే వందల దెబ్బలు. అందులో రెండో రకం చదువు ఉంది.

పాతకాలం కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఆ రోజు జరిగింది జరిగినట్టు చిట్టాలో రాసేవారు. ఎవరి ఖాతాలో ఎంత అన్నది దాన్నుంచి తీసి ఆవర్జాలోకి ఎక్కించేవారు. మంచి ఆటగాడి బుర్రలో ఈ రెండూ నడుస్తుంటాయి. మాస్టారు మొదటి అయిదారు పాయింట్లు గెలవడానికి ఆడరని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బ్యాక్‌హ్యాండ్ మూలకి రెండుసార్లు ఎత్తుగా పంపుతారు, ఏం చేస్తానో చూడటానికి. ఒంటి మీదికి ఒకటి కొడతారు. చిన్న సర్వీస్ చేసి నెట్ దగ్గరికి రప్పిస్తారు. అవి పాయింట్లు కావు, ప్రశ్నలు. జవాబులన్నీ ఆవర్జాకెక్కుతాయి: ఇబ్బందిలో ఉంటే వీడు ఎప్పుడూ అడ్డంగా కాకుండా తిన్నగానే ఎత్తుతాడు, పాయింటు పోగొట్టుకున్న కోపంలో తర్వాతి కాక్‌ని తప్పకుండా స్మాష్ కొడతాడు, 18 దాటితే సర్వీస్ పొట్టిదే చేస్తాడు.

అంచనాని ఇలా కొత్త సాక్ష్యంతో సవరించుకుంటూ పోయే గణితానికి పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ మతబోధకుడు థామస్ బేయిస్ పేరు పెట్టారు. కోర్డింగ్, వోల్పర్ట్ అనే ఇద్దరు 2004లో మన చేతి కదలికలు కూడా ఈ గణితం ప్రకారమే నడుస్తాయని చూపించారు. గురి చూసి చెయ్యి కదపాల్సిన పనిలో, కంటికి కనిపించేది స్పష్టంగా ఉంటే మనుషులు కంటిని నమ్మారు. మసగ్గా ఉంటే పాత అనుభవం మీద భారం వేశారు. ఎంత మసకైతే అంత ఎక్కువ. షటిల్‌లో ఇది రోజూ కనబడుతుంది. నాలాంటి తెరిచిన పుస్తకంతో ఆడేవాడికి ఆవర్జా అక్కర్లేదు, భుజం చాలు. భుజాన్ని దాచగలిగినవాడితో ఆడేటప్పుడే పాత లెక్కలు తియ్యాలి. ఎడంచేతి వాటం వాళ్లతో ఈ రెండో పుస్తకమే పలచగా ఉంటుంది, ఎందుకంటే అలాంటివాళ్లు తక్కువ, వాళ్లతో ఆడిన అనుభవం కూడా తక్కువ. పైగా ఈకలు ఒకదాని మీద ఒకటి ఒకే వైపు అమర్చి ఉండటంవల్ల కాక్ గాల్లో ఎప్పుడూ ఒకే దిక్కుకి గిర్రున తిరుగుతుంది. కాబట్టి కుడిచేతివాళ్ల కట్ షాట్, ఎడంచేతివాళ్ల కట్ షాట్ ఒకేలా నడవవు. చైనా ఆటగాడు లిన్ డాన్ ఎడంచేతివాడు, స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మరీన్‌దీ ఎడంచేతి వాటమే. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో మరీన్‌తో మొదటి గేమ్‌లో 16-19తో వెనకబడి కూడా వరసగా అయిదు పాయింట్లు లాగి 21-19తో గెలిచింది పి.వి. సింధు. మిగిలిన రెండు గేమ్‌లు మరీన్ 21-12, 21-15తో పట్టుకుపోయింది.

అవతలివాడు నా అలవాట్లు రాసుకుంటున్నాడని తెలిస్తే నేనేం చెయ్యాలి? అలవాటు లేకుండా ఉండాలి. చెప్పినంత తేలిక కాదు. ఒక చిన్న ఊహాలెక్క వేద్దాం. నా దగ్గర రెండే షాట్లు, స్మాష్, డ్రాప్. మీరు స్మాష్ కోసం కాచుకుని ఉన్నప్పుడు స్మాష్ కొడితే నేను నూటికి 40 గెలుస్తాను, డ్రాప్ వేస్తే 70. మీరు డ్రాప్ కోసం ముందుకొచ్చి నిలబడితే స్మాష్‌కి నాకు 80, డ్రాప్‌కి 30. స్మాష్ నా బలమైన ఆయుధమే. అయినా ఎప్పుడూ అదే కొడితే మీరు వెనకే నిలబడతారు, నాకు 40 దాటదు. కూర్చుని లెక్క కడితే, సగం స్మాష్‌లు, సగం డ్రాప్‌లు కొట్టినప్పుడు మీరెక్కడ నిలబడినా నాకు 55 వస్తుంది. అంతకన్నా మంచి గ్యారంటీ లేదు. తమాషా ఏమిటంటే మీ వైపునుంచి సరైన జవాబు సగం సగం కాదు. ఎనిమిదింట అయిదుసార్లు మీరు స్మాష్‌కే సిద్ధంగా ఉండాలి. నేను తక్కువ కొట్టినా సరే, మీరు దానికి ఎక్కువ భయపడాలి. పెద్ద స్మాష్ ఉన్నవాళ్ల డ్రాప్‌లు ఎందుకంత ముద్దొస్తాయో ఇక్కడ ఉంది. సాత్విక్ చెయ్యెత్తగానే అవతలి జంట ఒకడుగు వెనక్కి వేస్తే, ఆ అడుగు ఖాళీ చేసిన చోటే మిగతా పాయింట్లన్నీ.

అయితే సగం సగం అంటే ఒకటి స్మాష్, ఒకటి డ్రాప్, ఒకటి స్మాష్ అని వరస కట్టడం కాదు. బొమ్మా బొరుసూలా రావాలి. వరసగా నాలుగు బొమ్మలు పడ్డా ఆశ్చర్యపోకూడదు. ఇది మనుషుల వల్ల కాదు. మార్క్ వాకర్, జాన్ వూడర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో టెన్నిస్ పెద్ద టోర్నీల సర్వీసుల్ని లెక్కగట్టారు. కుడికీ ఎడమకీ ఏ నిష్పత్తిలో పంపాలో ఛాంపియన్లకి ఒంట్లోనే తెలుసు, గణితం చెప్పినట్టే పంపారు. కానీ దిక్కు మార్చడం మాత్రం నిజమైన బొమ్మా బొరుసు కన్నా ఎక్కువసార్లు మార్చారు. “రెండుసార్లు అటే కొట్టాను, ఈసారి ఇటు” అనే గొంతు అందరి లోపలా ఉంటుంది. మాస్టారు నా మూడో షాట్‌ని పట్టేది ఆ గొంతు వినే.

కోర్టులో గాలి కూడా ప్రత్యర్థే. పెద్ద ఇండోర్ స్టేడియంలో ఏసీ గాలి ఒక చివరనుంచి ఇంకో చివరకి మెల్లగా జరుగుతుంటుంది. జనానికి తెలియదు, అయిదు గ్రాముల కాక్‌కి తెలుస్తుంది. గాలి వెనకనుంచి తోసే వైపు నిలబడితే అందమైన టాస్ కూడా లైను దాటి పడుతుంది. ఎదురుగాలి వైపు నిలబడితే ఎంత కొట్టినా సగంలో ఆగి ప్రత్యర్థి స్మాష్‌కి నైవేద్యమవుతుంది. వేడి కూడా ఒక లెక్కే. వేడిగాలి పలచన కాబట్టి అందులో కాక్ దూరం పోతుంది, అందుకే కాక్ డబ్బాల మీద 76, 77, 78 అని వేగం నంబర్లుంటాయి, ఉక్కపోత ఊళ్లకి చిన్న నంబరు. ఆటకి ముందు వెనక లైను దగ్గర నిలబడి కిందనుంచి బలంగా కొట్టి చూస్తారు. అవతలి వెనక లైనుకి 530 నుంచి 990 మిల్లీమీటర్ల లోపల పడితే ఆ కాక్ పాసైనట్టు. మూడో గేమ్‌లో 11 పాయింట్ల దగ్గర వైపులు మారతారు కాబట్టి, గాలిని ముందే చదివినవాళ్లు ఆ మలుపుకి ముందెంత కూడబెట్టాలో లెక్కేసుకుంటారు. 8-11తో వెనకబడి మంచి వైపుకి వెళ్లేవాడి మొహంలో కంగారు కనిపించకపోవడానికి కారణం ధైర్యం ఒక్కటే కాదు.

ఒకరు పదకొండుకి చేరగానే అరవై సెకన్ల విరామం, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య 120 సెకన్లు. కోచ్ పరుగెత్తుకొచ్చి చెవిలో ఏదో చెప్తాడు. బయటికి పెద్ద మంత్రాంగంలా కనిపిస్తుంది గానీ, గుండె నిమిషానికి నూటెనభై కొట్టుకుంటున్న మనిషి బుర్రలోకి ఒకటి, మహా అయితే రెండు మాటలు దిగుతాయి. అవతలివాడి ఆవర్జాలో కోచ్‌కి పక్కనుంచి కనబడిన ఒక్క వాక్యం: నీ లిఫ్టులన్నీ ఒకేచోట పడుతున్నాయి, అతను అక్కడే కాపు కాశాడు. అంతకన్నా ఎక్కువ చెప్పే కోచ్ తన ఆందోళన తగ్గించుకుంటున్నాడని నా అనుమానం.

ఈ పుస్తకాల పోరు సంవత్సరాల తరబడి సాగితే ఎలా ఉంటుందో చూడాలంటే సింధు, జపాన్‌కి చెందిన నొజోమి ఒకుహరా. 2017 ఆగస్టులో గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్: 21-19, 20-22, 22-20, నూటపది నిమిషాలు, ఒకుహరా గెలిచింది. రెండో గేమ్ ఆఖరి పాయింటు 73 షాట్ల ర్యాలీ. ఒకుహరా కన్నా సింధు జానెడు పైనే పొడుగు, దెబ్బలో బరువు ఎక్కువ. కానీ ఆ పొడుగూ ఆ బరువూ ర్యాలీ సాగే కొద్దీ భారమవుతాయని ఒకుహరా ఖాతాలో రాసుకుంది. ప్రతిదీ అందుకుంటుంది, ఎత్తి వెనక్కి పంపుతుంది, మళ్లీ కొట్టమంటుంది. పాయింటు గెలవదు, గెలవడంలోని ఖర్చు పెంచేస్తుంది.

2018 డిసెంబరులో వరల్డ్ టూర్ ఫైనల్స్ టైటిల్ పోరులో సింధు 21-19, 21-17. నాలుగు నెలలకి సింగపూర్‌లో ఒకుహరా 21-7, 21-11. ఇంకో మూడు నెలలకి ఇండోనేసియాలో సింధు 21-14, 21-7. ఈ అంకెల్ని వరసగా చదివితే ఒకరి తర్వాత ఒకరు పుస్తకం తిరగేస్తున్న చప్పుడు వినబడుతుంది.

2019 ఆగస్టు 25న బాసెల్. మళ్లీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, మళ్లీ వాళ్లిద్దరే. అప్పటికి సింధు దగ్గర కొరియా కోచ్ కిమ్ జి హ్యున్ ఉంది. మొదటి పాయింటు సుదీర్ఘమైన ర్యాలీ, ఒకుహరాకే వెళ్లింది. గ్లాస్గో మళ్లీ మొదలైందనుకున్నాం. తర్వాతి ఎనిమిది పాయింట్లూ సింధువే. తేడా ఎక్కడంటే, ఆమె వెనక మూలల్లో తిరుగుతూ ఒకుహరాకి ప్రశ్నలు వేసే తీరిక ఇవ్వలేదు. ముందుకి జరిగి నిలబడింది. కాక్‌ని నెట్ ఎత్తున ఉండగానే అందుకుంది, 1.52 మీటర్ల నెట్ ఆమెకి భుజానికి కాస్త పైన ఉంటుంది. ఎత్తిన ప్రతిదాన్నీ కిందికే దించింది, అందులో చాలా వరకు ఒకుహరా ఒంటి మీదికి, చెయ్యి విప్పుకోవడానికి చోటు లేకుండా. ర్యాలీలు తొందరగా తెగిపోతుంటే, పదిహేనో షాట్ దగ్గర మొదలయ్యే ఒకుహరా ఆటకి ప్రవేశమే దొరకలేదు. 21-7, 21-7. ముప్పై ఎనిమిది నిమిషాలు.

ఆ మ్యాచ్ మాస్టారింట్లో చూశాం. ఆయన మొదటి గేమ్ అయ్యాక టీవీ శబ్దం తగ్గించి, “పాపం ఆ అమ్మాయి పాత పుస్తకం పట్టుకొచ్చింది” అన్నారు. మ్యాచ్ అయ్యి మేమంతా కేకలు వేస్తుంటే ఇంకో మాట కూడా అన్నారు, “ఇవాళ్టిది రాసుకుంటుంది చూడు.”

ఏడు నెలలు తిరక్కుండానే, 2020 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ క్వార్టర్ ఫైనల్. మొదటి గేమ్ సింధు 21-12తో, బాసెల్ ధోరణిలోనే, లాగేసుకుంది. తర్వాతి రెండూ ఒకుహరా 21-15, 21-13.